ఆ ఫోన్ చేయడానికి అంత భయమెందుకు? పిల్లల వార్డుల పెద్దలకు ఒక తండ్రి బహిరంగ లేఖ

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో పిల్లల విభాగాలు నడుపుతున్న ప్రొఫెసర్లకు, యూనిట్ చీఫ్‌లకు,

నమస్కారం.

‘విన్నవించుకొనునది ఏమనగా’ అని మొదలుపెట్టడం నా చేతికి అలవాటు. తహసీల్దార్ ఆఫీసు ఎదురుగా నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. 16 ఏళ్లుగా పాసుపుస్తకం రాని రైతుకీ, పింఛను ఆగిపోయిన ముసలమ్మకీ, ఆధార్‌లో బిడ్డ పేరు తప్పు పడిన తల్లికీ అర్జీలు రాసిపెడుతున్నాను. అర్జీకి 30 రూపాయలు. ఇన్నేళ్లలో నా కోసం నేను రాసుకున్న అర్జీ ఒక్కటీ లేదు. ఇదే మొదటిది. ఏదో ఒక ఆఫీసుకి పంపితే ఇన్‌వార్డు నంబరు పడి బీరువాలోకి పోతుందని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఉండరు. అందుకే అందరూ చదివేలా బయట పెడుతున్నాను.

ఏ ఊరు, ఏ ఆసుపత్రి అన్నది రాయను. రాస్తే రేపు పొద్దున సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చేది పైవాళ్లకి కాదు, మా పాపను చూసిన ఫస్టియర్ పీజీ అమ్మాయికి. ఆ అమ్మాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం సగం, రాత్రి పూట పై డాక్టరుకి ఫోన్ చేయడానికి భయపడిన ఆ అమ్మాయి కోసమే.

నిరుడు అక్టోబరులో మా పాపకు డెంగీ వచ్చింది. నాలుగేళ్ల పిల్ల, 14 కిలోలు. మా ఊళ్లో ప్రైవేటు డాక్టరు మూడు రోజులు చూసి, ప్లేట్‌లెట్స్ 48 వేలకి పడ్డాయి, ఇక నా వల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. దారి పొడుగునా బంధువుల ఫోన్లు. బొప్పాయి ఆకు రసం పట్టారా, కివీ పండు పెట్టారా అని. మేం వెళ్లేసరికి సాయంత్రం ఆరయింది. వార్డు నిండిపోయి ఉంది. మంచానికి ఇద్దరేసి పిల్లలు, ఒకరి తల అటు, ఒకరి తల ఇటు. తల్లులు కింద చాపల మీద. తండ్రులు రాత్రి పూట లోపల ఉండకూడదు, వరండాలో పడుకోవాలి. నేను లోపలికీ బయటికీ ఎలా తిరిగానంటే, వాచ్‌మన్ చేతిలో ఏం పెట్టానన్నది వేరే అర్జీకి సంబంధించిన విషయం.

చేర్చుకునేటప్పుడు ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. నేను రోజూ జనంతో చెప్పే మాట ఒకటుంది: చదవకుండా సంతకం పెట్టొద్దు బాబూ, తర్వాత నా మీదకి రావొద్దు అని. ఆ సాయంత్రం నేనే చదవకుండా పెట్టాను. అందులో సగం ఖాళీలు. పాప పేరు ఉండాల్సిన చోట కూడా ఖాళీయే. పక్క మంచం అవ్వ చేత ఒక చంటివాడి కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆ ఇంకు తుడుచుకోవడానికి గుడ్డ లేక అవ్వ తన చీర కొంగుకే రాసుకుంది.

తర్వాత సెలైన్. హౌస్ సర్జన్ కుర్రాడు వచ్చాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు. పాప ఎడమ చేతి మీద మొదటిసారి గుచ్చాడు, నరం దొరకలేదు. రెండోసారి దొరికింది గానీ ఉబ్బింది. కుడి చెయ్యి. ఆ తర్వాత కాలు. పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మా ఆవిడ మొహం తిప్పేసుకుంది, పాప తల మాత్రం వదల్లేదు. నాలుగోసారి కూడా కాకపోయేసరికి ఆ కుర్రాడి చెయ్యి వణకడం చూశాను. ‘సారీ అన్నా’ అన్నాడు నాతో, ఎవరికీ వినపడకుండా. అప్పుడు స్టాఫ్ నర్సు, యాభై దాటినావిడ, ఏమీ అనకుండా వచ్చి, పాప చేతిని తన తొడ మీద పెట్టుకుని, వేలితో రెండుసార్లు తట్టి, ఒక్క గుచ్చుతో లైన్ పెట్టేసింది. ఆ కుర్రాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. ‘ఇక్కడ పట్టుకో, చర్మాన్ని కిందికి లాగు, అప్పుడు నరం జారదు’ అని చెప్పింది. రాత్రి పదకొండుకి పక్క వరసలో వాడే ఇంకో పిల్లాడికి రెండో గుచ్చుతో పెట్టాడు.

చెప్పొచ్చేదేమిటంటే, నేర్చుకోవడం అన్నది నా కళ్ల ముందే జరిగింది. దాని ధర మా పాప నాలుగు పోట్లు. మరీ ఎక్కువ ధర అని నేను అనను. ఎక్కడో ఒక పిల్ల చేతి మీద నేర్చుకోకపోతే ఎవరికీ రాదు. ఆ నర్సమ్మ మొదటి పోటుకో రెండో పోటుకో వచ్చి ఉంటే బాగుండేది, అంతే. ఆవిడ ఎందుకు రాలేదంటే, ఎనభై మంది పిల్లలకి ఆ రాత్రి ఇద్దరే నర్సులు.

వార్డులో ఒక పెద్దాయన, మనవణ్ణి తీసుకొచ్చినాయన, మా అవస్థ చూసి ‘వెయ్యి మందిని చంపినవాడు అర వైద్యుడని ఊరికే అన్నారా’ అన్నాడు. అందరం నవ్వాం. అర నిమిషం తర్వాత ఎవరి మంచం వైపు వాళ్లం తిరిగిపోయాం.

ఇప్పుడు అసలు సంగతి.

రెండో రాత్రి. జ్వరం మొదలై ఐదో రోజు. సాయంత్రానికి జ్వరం తగ్గిపోయింది. మాకు పండగలా అనిపించింది. ఊరికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా. రాత్రి 12 దాటాక మా ఆవిడ వరండాలోకి వచ్చి నన్ను లేపింది. ‘పాప చేతులు చల్లగా ఉన్నాయండీ. పొట్ట నొప్పంటోంది. పొద్దుగూకాక ఒక్కసారి కూడా ఒంటికి పోలేదు’ అంది. నేను వెళ్లి పట్టుకుంటే ముంజేతి దాకా చల్లగా ఉంది. పాప నిద్రపోతోందనుకున్నాను. నిద్ర కాదది, మత్తు.

హౌస్ సర్జన్‌కి చెప్పాం. ఈసారి వేరే కుర్రాడు. బల్ల మీద రక్తం సీసాలు వరసగా పెట్టుకుని, ఒక్కోదానికీ పేరు చీటీ అంటిస్తున్నాడు. నలభై ఉంటాయి. తలెత్తకుండానే ‘జ్వరం తగ్గితే ఒళ్లు చల్లబడుతుంది కదమ్మా, మంచిదే’ అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. మా ఆవిడకి మాత్రం తోచలేదు. పావుగంటకి మళ్లీ వెళ్లింది. ‘మీరు ఒక్కసారి వచ్చి చెయ్యి వేసి చూడండి బాబూ, ఊరికే చల్లబడటం కాదిది, నా పిల్ల నాకు తెలీదా’ అంది. వాడు లేచి రాలేదు గానీ పీజీ మేడమ్‌కి కబురు పెట్టాడు.

పీజీ అమ్మాయి వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. ముందు రోజు పొద్దున డ్యూటీకి ఎక్కిందట, ఇంకా దిగలేదు. ఆ అమ్మాయి చేసిన పనులు వరసగా చెప్తాను, ఎందుకంటే అవి మరిచిపోలేను. ముందు పాప కాలి బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన చోట మళ్లీ ఎరుపు వచ్చేదాకా ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని మెల్లగా లెక్కపెట్టింది. తర్వాత బీపీ చూడబోతే వార్డులో ఉన్న కఫ్ పెద్దవాళ్లది, పాప చేతికి రెండు చుట్లు తిరుగుతోంది. ‘ఒక్క నిమిషం’ అని పరుగెత్తింది. ఐసీయూలోంచి చిన్న కఫ్ తెచ్చింది. వచ్చేటప్పుడు ఒక చెప్పు తెగితే అక్కడే వదిలేసి ఒంటి కాలి చెప్పుతో వచ్చింది. బీపీ చూసింది. మళ్లీ చూసింది. 84 బై 70. కేసు షీట్ వెనక్కి తిప్పి పొద్దుటి రక్తం రిపోర్టు చూసింది.

ఆ తర్వాత ఫోన్ తీసింది, తీసి చేతిలో పట్టుకుని నిలబడింది.

నేను అప్పుడు గడియారం చూడలేదు. నిమిషమో, రెండు నిమిషాలో. నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. ‘ఏంటి మేడమ్’ అంటే, ‘సార్‌కి చేయాలి. ఈ టైములో చేస్తే…’ అని ఆగింది. నర్సు వైపు చూసింది. నర్సు ‘చెయ్యమ్మా, తిడితే తిట్టారు’ అంది. అప్పుడు చేసింది. అవతల్నించి వచ్చిన మొదటి మాట నాకూ వినపడింది. అదిక్కడ రాయను. ఆ అమ్మాయి రెండుసార్లు సారీ చెప్పి, తర్వాత అంకెలు చెప్పింది. సెలైన్ గంటకి 140 మిల్లీలీటర్లు పెట్టమన్నారు, అంటే కిలోకి పది చొప్పున. ఆ అమ్మాయి అప్పటికే అంత పెట్టడానికి సిద్ధం చేసుకుని ఉంది. అంటే తనకు తెలుసు. తెలిసి కూడా ఫోన్ పట్టుకుని నిలబడింది. 40 నిమిషాలకి సీనియర్ రెసిడెంట్ వచ్చాడు. తెల్లారేసరికి పాప ఒంటికి పోయింది. మా ఆవిడ ఆ తడిసిన గుడ్డని పట్టుకుని ఏడ్చింది.

డెంగీలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే గండం అని తర్వాత తెలుసుకున్నాను. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుందట. చేతులు చల్లబడటం, పొట్ట నొప్పి, మూత్రం తగ్గడం, మత్తు, ఇవన్నీ దాని గుర్తులట. పై బీపీకీ కింది బీపీకీ తేడా 20కి గానీ అంతకంటే కిందికి గానీ వస్తే పిల్లల్లో అది షాక్ కిందే, అంటే అవయవాలకి రక్తం చాలని స్థితి కిందే లెక్కట. మాకున్నది 14. నేనూ మా బంధువులూ అందరం ప్లేట్‌లెట్ల లెక్క పట్టుకుని కూర్చుంటే, ప్రమాదం వేరే దారిలో వచ్చింది. ఇవి మాకు తెలియాలని మీరు ఆశించరు, నిజమే. కానీ ఈ నాలుగు గుర్తుల్లో మూడు మా ఆవిడ చెప్పింది. ఆవిడ చదివింది తొమ్మిదో తరగతి.

మర్నాడు పొద్దున తొమ్మిదికి రౌండ్స్. యూనిట్ చీఫ్‌గారు, ఆయన వెనక పదిహేను మంది. ఆ అమ్మాయి కేసు చెప్తోంది, అంతా ఇంగ్లీషులో. మా ఆవిడకి అందులో అర్థమైన మాట ఒక్కటే, షాక్. వాళ్లు ముందుకెళ్లాక నన్ను పిలిచి ‘మంచానికి కరెంటు కొట్టిందటండీ?’ అని అడిగింది. ఈ ముక్క నేను ఎవరికి చెప్పినా నవ్వుతారు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆవిడ ఆ రోజంతా పాపని ఇనప మంచం చువ్వలకి తగలకుండా పట్టుకుని కూర్చుంది.

చీఫ్‌గారు కేసు విని ఆ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడిగారు. తెలుగులో అడిగారు కాబట్టి నాకు అర్థమైంది. ‘పన్నెండున్నరకి తల్లి చెప్తే నువ్వు చూసింది ఒంటిగంటకి. మధ్యలో ఎవరు చూశారు?’ మంచి ప్రశ్న. ఆ అమ్మాయి తల దించుకుంది. హౌస్ సర్జన్ కుర్రాడు తల దించుకున్నాడు. సీసాల మీద చీటీలు అంటించే పని ఒక డాక్టరు ఎందుకు చేస్తున్నాడు, అది ఎవరి పని అన్నది మాత్రం ఎవరూ అడగలేదు. పదిహేను మందిలో నేను పదహారోవాణ్ణి. అడిగి ఉండాల్సింది. నోరు రాలేదు.

ఇది మా ఒక్కరి కథైతే ఇంత రాసేవాణ్ణి కాదు. ఆరు రోజులు వరండాలో పడుకున్నాను. తండ్రులందరం ఒక చోటే. రాత్రి టీ దగ్గర మాటలు. గుండెలో రంధ్రం ఉన్న ఒక చిన్నపిల్ల తండ్రి చెప్పాడు: పాప గుండె చప్పుడు బాగా వినిపిస్తుందని, ఒక పొద్దున పదకొండు మంది విద్యార్థులు వరసగా స్టెత్ పెట్టారట. ‘మంచి కేసు’ అన్నారట. మంచి అంటే నయమైపోతుందని అనుకుని ఆయన అందరికీ దణ్ణాలు పెట్టాడు. పిల్ల చలికి వణుకుతోంది, చొక్కా వేయనివ్వలేదు. వద్దనొచ్చని ఆయనకి తెలీదు. అందులో ఒక్క అమ్మాయి మాత్రం స్టెత్‌ని ముందు అరచేతిలో పెట్టి రుద్ది, వెచ్చచేసి, అప్పుడు పెట్టిందట. ఆయన ఆ అమ్మాయిని గుర్తుపెట్టుకున్నాడు. మిగతా పది మంది మొహాలూ గుర్తులేవు.

ఇంకొకాయన ఇంకా విచిత్రం చెప్పాడు. నాలుగు రోజులుగా ‘పెద్ద డాక్టరుగారు’ అనుకుని ఆయన ఎవరికైతే అన్నీ చెప్పుకుంటున్నాడో, ఆ మనిషి హౌస్ సర్జన్ అట. అసలు పెద్ద డాక్టరు రోజూ పొద్దున పక్కనుంచే వెళ్తున్నా ఒక్క ముక్కా చెప్పుకోలేదు. మా తప్పు కాదిది సార్. మెడలో స్టెత్ ఉన్న ప్రతి మనిషీ మాకు డాక్టరే. ఎవరు ఎంబీబీఎస్ అయ్యాక పన్నెండు నెలల హౌస్ సర్జన్సీలో ఉన్నారో, ఎవరు మూడేళ్ల ఎండీలో మొదటి ఏడో, ఎవరు సీనియర్ రెసిడెంటో, ఎవరి మాట ఆఖరి మాటో మాకెలా తెలుస్తుంది? పోలీసుకి భుజం మీద చుక్కలుంటాయి. బస్సులో కండక్టరెవరో డ్రైవరెవరో తెలుస్తుంది.

మీ విద్యార్థులు మా పిల్లల్ని చూడకూడదని నేను అనడం లేదు. అలా అనడం న్యాయం కాదనే నా నమ్మకం. విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923 నాటిది. గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో వచ్చింది. హైదరాబాద్‌లో నీలోఫర్ 1953 నుంచి పిల్లల్ని చూస్తోంది. తెలుగునాట పిల్లల డాక్టర్లు ఇన్ని తరాలుగా తయారైంది ఇలాంటి వార్డుల్లో, ఇలాంటి మంచాల దగ్గరే. ఇవాళ కార్పొరేట్ ఆసుపత్రిలో ఏసీ గదిలో కూర్చుని పిల్లల్ని చూసే డాక్టర్లలో ఎంతోమందికి మొదటి నరం దొరికింది ఏ కూలివాడి పిల్ల చేతి మీదో. ఆ లెక్క ఎవరూ రాసుకోలేదు. మేమూ అడగం. మా పిల్లల మీద నేర్చుకోండి. కాకపోతే నేర్చుకునే మనిషి వెనక నేర్పే మనిషి నిలబడాలి. ఫోన్ అవతల కాదు, నిలబడాలి. కనీసం ఫోన్ చేస్తే కసురుకోకూడదు.

మా షాపులో నెట్ ఉంది. పాప ఇంటికొచ్చాక రాత్రిళ్లు నిద్రపట్టక చాలా చదివాను. 1992లోనే కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెంట్ డాక్టర్లకి, అంటే ఈ పీజీల్లాంటివాళ్లకి, ఏకధాటి డ్యూటీ మామూలుగా రోజుకి 12 గంటలు మించకూడదని, వారానికి 48 గంటలని రాసింది. జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన పీజీ నిబంధనల్లో పనిగంటలు ‘సహేతుకంగా’ ఉండాలని ఉంది. వారానికో రోజు సెలవని ఉంది. సహేతుకం అంటే ఎన్ని గంటలో లేదు. అర్జీలు రాసేవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్తాను: ప్రభుత్వ కాగితంలో అంకె ఉండాల్సిన చోట విశేషణం ఉందంటే, ఆ పని జరగదు. ‘త్వరితగతిన’ పరిష్కరిస్తామన్న ఫైళ్లు నా షాపులో ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. మా పాపను కాపాడిన అమ్మాయి అప్పటికి నలభై గంటలుగా మేలుకుని ఉంది. నా పక్కన కూర్చుని అర్జీ టైపు చేసే కుర్రాడు పది గంటలు పనిచేస్తే సర్వే నంబర్లో అంకెలు తారుమారు చేస్తాడు.

ఇంకో సంగతి చదివాను. ఇంగ్లండులో లెస్టర్ అనే ఊరు. 2011లో ఆరేళ్ల బాబు ఒకడు ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి చనిపోయాడు. ఆ రోజు చూసింది ట్రైనింగులో ఉన్న పిల్లల డాక్టరు, చాలా నెలల ప్రసూతి సెలవు తర్వాత తిరిగొచ్చినావిడ. ఆవిడ తప్పులు చేసింది, నిజమే. పైన ఉండాల్సిన కన్సల్టెంటు పొద్దున ఇంకో ఊళ్లో పాఠం చెప్తున్నాడు. రిపోర్టులు చూపించే కంప్యూటర్లు పనిచేయలేదు. చివరికి 2015లో నరహత్య నేరం కింద శిక్ష పడింది ఆ ట్రైనీ డాక్టరుకి, ఒక నర్సుకి. 2018 జనవరిలో డాక్టరు పేరు రిజిస్టర్లోంచే కొట్టేశారు, ఆగస్టులో అప్పీలు కోర్టు మళ్లీ చేర్చమంది. ఆ తల్లి కడుపుకోత ఏ కోర్టూ తీర్చలేదు. ఇది చదివినప్పుడు నాకు మా వార్డులో తల దించుకున్న ఇద్దరూ గుర్తొచ్చారు. మా పాపకి ఆ రాత్రి ఏదైనా అయి ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలుసు. వరండాలో ఉన్న వాళ్లందర్నీ వెంటేసుకుని వెళ్లి, ఎదురుగా ఉన్నవాళ్ల మీద పడేవాణ్ణి. ఎదురుగా ఉండేది ఆ అమ్మాయే. ఒంటి కాలి చెప్పుతో.

సిగ్గుగా ఉంది రాయడానికి. కానీ మన దగ్గర జరిగేది అదే కదా. పేపర్లో ‘జూనియర్ డాక్టర్లపై బంధువుల దాడి’ అని వస్తుంది, వాళ్లు సమ్మె చేస్తారు, రెండు రోజులు ఓపీ ఆగుతుంది. మధ్యలో ఉండాల్సినవాళ్లు ఆ వార్తలో ఎక్కడా కనపడరు.

మరి ఏం చేయాలి అంటారా. వేరే చోట్ల చేశారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అనే రాష్ట్రంలో 2007లో రయాన్ అనే బాబు, మూడేళ్లు ఇంకా నిండలేదు, చనిపోయాడు. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని తల్లిదండ్రులు చెప్తున్నా పట్టించుకోవాల్సినంత పట్టించుకోలేదు. ఆ తర్వాత ‘రయాన్స్ రూల్’ పెట్టారు. ముందు నర్సుకో డాక్టరుకో చెప్పాలి. వినకపోతే ఆ డ్యూటీలో పెద్ద నర్సుకి చెప్పాలి. అప్పటికీ తృప్తి లేకపోతే ఒక ఫోన్ నంబరుంది, చేస్తే సంబంధం లేని ఇంకో డాక్టరో నర్సో వచ్చి చూడాలి. లండన్‌లో 2021లో మార్తా అనే అమ్మాయి, ఇంకొద్ది రోజుల్లో పద్నాలుగు నిండేది, సైకిల్ మీంచి పడిన దెబ్బతో పెద్దాసుపత్రిలో చేరి, అక్కడే సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి, పోయింది. తల్లి భయం భయంగా అడుగుతూనే ఉంది. ఐసీయూకి ముందే మార్చి ఉంటే బతికి ఉండేదని విచారణలో తేలింది. ఆ తల్లి పట్టుబట్టి సాధించినదాన్ని ‘మార్తాస్ రూల్’ అంటున్నారు. 2024లో ఇంగ్లండులో 140కి పైగా ఆసుపత్రుల్లో మొదలుపెట్టారు. తల్లిదండ్రులు అడిగితే ఐసీయూ బృందం వచ్చి మళ్లీ చూడాలి. సిబ్బంది కూడా, అంటే మన పీజీ అమ్మాయి లాంటివాళ్లు కూడా, తమ పైవాడిని దాటి పిలవొచ్చు. దీనికి కొత్త బిల్డింగు అక్కర్లేదు, కొత్త మిషను అక్కర్లేదు.

మీరనబోయేది నాకు తెలుసు. వార్డులో ఉన్న ఎనభై మంది తల్లులకీ ఫోన్ నంబరిస్తే ఫ్యాను తిరగట్లేదని చేస్తారు, పాలు రాలేదని చేస్తారు, మేం ఎప్పుడు నిద్రపోవాలి అని. చేస్తారు సార్, కొందరు చేస్తారు. 2005 ఆగస్టు 15న 108 మొదలైనప్పుడు కూడా ఆటో బదులు అంబులెన్సు పిలిచినవాళ్లు ఉన్నారు, సరదాకి చేసినవాళ్లు ఉన్నారు. ఆ కారణంతో 108 మూసేయలేదు. ఇవాళ మా ఊళ్లో చదువురాని మనిషికి కూడా ఆ మూడంకెలు వచ్చు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మా వైపు నుంచీ ఆ పిల్లలకి గౌరవం లేదు. ‘నువ్వు కాదమ్మా, డాక్టర్ని పిలువు’ అని పీజీ అమ్మాయిలతో అనేది మేమే. తెల్ల కోటు వేసుకున్న ఆడపిల్లని ‘సిస్టర్’ అని పిలిచేదీ మేమే. అబ్బాయి అయితే హౌస్ సర్జన్‌ని కూడా ‘సార్’ అంటాం. డిశ్చార్జి రోజు నేను ఆ అమ్మాయి కోసం వెతికాను. అర కిలో స్వీటు బాక్సు కొన్నాను. డ్యూటీ దిగి పడుకుందన్నారు. లేపొద్దని నర్సుకే ఇచ్చి వచ్చేశాను. పేరు కేసు షీట్లో ఉంది, నాకు తెలుసు. ఇక్కడ రాయనని చెప్పాను కదా.

నేను అడుగుతున్నది పెద్ద జాబితా కాదు. రాత్రి డ్యూటీలో ఆ వార్డుకి బాధ్యుడైన పెద్ద డాక్టరు ఎవరో, ఆసుపత్రిలో ఉన్నారో ఇంటి దగ్గర ఉన్నారో, గోడ మీద ప్రతి రోజూ రాయండి. కోటు మీద ఎవరు ఏమిటో తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండనివ్వండి. పీజీ రాత్రి ఫోన్ చేస్తే, అది అనవసరమైన ఫోన్ అయినా సరే, మర్నాడు రౌండ్స్‌లో నలుగురి ముందు ఎత్తిచూపబోమని మీరు ఒక్కసారి గట్టిగా చెప్పండి. మీరు చెప్తే మీ కింది అసిస్టెంట్లు వింటారు. మేం చెప్తే వినరు. చివరిది, పైన చెప్పిన ఫోన్ నంబరు.

ఆ బోర్డు నేనే వేసి పంపుతాను. మూడడుగులు బై రెండడుగులు, మాకు ఫ్లెక్సీ మిషను ఉంది, ఖర్చు నాది. ఎన్ని వార్డులుంటే అన్ని. డిజైను కూడా చేసేశాను. పసుపు మీద నల్ల అక్షరాలు, దూరం నుంచి కనపడతాయి. చదువురానివాళ్ల కోసం కింద తల్లి, పిల్ల, ఫోన్ బొమ్మలు పెట్టాను. దాని మీద ఇలా ఉంటుంది:

‘మీ బిడ్డకు ఒళ్లు చల్లబడినా, మత్తుగా ఉన్నా, మూత్రం రాకపోయినా, ఊపిరి కష్టమైనా, ముందున్నదానికంటే తేడాగా ఉందని మీకు అనిపించినా వెంటనే నర్సుకి, డ్యూటీ డాక్టరుకి చెప్పండి. చెప్పాక కూడా మీ భయం తీరకపోతే ఈ నంబరుకి ఫోన్ చేయండి. పెద్ద డాక్టరు వచ్చి చూస్తారు. ఫోన్ చేసినందుకు మిమ్మల్ని గానీ, ఇక్కడి డాక్టర్లను గానీ ఎవరూ ఏమీ అనరు.’

నంబరు దగ్గర ఖాళీ వదిలాను. అది మీరే రాయాలి.

ఇట్లు,
జిరాక్స్ షాపు నడుపుకునే ఒక తండ్రి